అలమరాలో ఏముందో అందరికీ తెలియాలి

మా పళ్ల క్లినిక్‌కి విరిగిన పళ్ల సెట్టు పట్టుకొస్తే అప్పటికప్పుడు అతికించి ఇవ్వడానికి మేం వాడేది మోనోమర్. గోధుమరంగు గాజుసీసాలో ఉంటుంది. మూత తీస్తే చాలు, ఘాటు వాసన గదంతా పరుచుకుంటుంది. వేరే ఊళ్లో అయితే పేషెంటు ముక్కు చిట్లించి ఊరుకుంటాడేమో. మా విశాఖ గోపాలపట్నంలో ఊరుకోరు. వెంకటాపురం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు కుర్చీలోంచి సగం లేచి, "ఏటి బాబూ ఆ వాసన? ఎక్కడి నుంచొస్తంది?" అని అడిగారు. అప్పటి నుంచి మూత తీసే ముందే అదేమిటో చెప్పి, కిటికీ తెరిచి, ఆ తర్వాతే పని మొదలుపెడుతున్నాను.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి చీకట్లో పరిగెత్తారు. కొందరు దారిలోనే కూలిపోయారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి, వందల మంది కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ ఇతర ఆసుపత్రుల్లోనూ చేరారు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా మనుషులు పడుకున్న ఎత్తులోనే పాకింది.

ఆ స్టైరీన్‌కీ నా సీసాలోని మిథైల్ మెథాక్రిలేట్‌కీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ మోనోమర్లే. రెంటికీ తమలో తాము గొలుసులా అల్లుకుపోయి గట్టిపడే గుణం ఉంది. అల్లుకుంటున్నప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి అల్లిక ఇంకా వేగం అందుకుంటుంది. దాన్ని ఆపి ఉంచడానికి స్టైరీన్‌లో టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, మా మోనోమర్‌లో హైడ్రోక్వినోన్ కొద్దిగా వేస్తారు. సీసా గోధుమరంగులో ఉండేది వెలుతురు తగలకుండా. నిరోధకం తరిగిపోయినా, ఎండలో పెట్టినా ద్రవం సీసాలోనే చిక్కబడుతుంది.

చిన్న గాజు గిన్నెలో పౌడరు వేసి మోనోమర్ చుక్కలు వదిలితే ఇదంతా కళ్లముందే జరుగుతుంది. మొదట తడి ఇసుకలా ఉంటుంది. తర్వాత స్పాచులా ఎత్తితే దారాలుగా సాగుతుంది. ఆ పైన చేతికి అంటుకోని ముద్దవుతుంది. ఆ దశలో సెట్టు పగులులో నింపుతాం. మిగిలిన ముద్ద గిన్నెలోనే ఉండిపోతే కాసేపటికి గిన్నె వేడెక్కుతుంది. పేరుకేమో కోల్డ్ క్యూర్. చెంచాడు పదార్థానికే అంత వేడి పుడితే, వందల టన్నులున్న ట్యాంకులో పుట్టిన వేడికి బయటికి దారేది?

ఆ ప్రమాదం మీద ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం, కోవిడ్ లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి ఉంది. ఎం6 ట్యాంకులో స్టైరీన్ మాత్రం ఆగలేదు, లోపల నెమ్మదిగా అల్లుకుంటూనే ఉంది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున ఉంది, వేడి పైభాగంలో పెరిగింది. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట నడపలేదు. టీబీసీ చాలినంత నిల్వ లేదు. ప్రమాదం జరిగాక గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది. సైరన్ మోగించడానికి 36 చోట్ల బటన్లున్నా ఒక్కటీ నొక్కలేదు. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా కదిలించింది ఆ సైరన్ మాటే. లోపలివాళ్లకు తెలిసిన సంగతి బయటివాళ్లకు చేరలేదు.

అదే లాక్‌డౌన్‌లో పళ్ల క్లినిక్‌లూ మూతపడ్డాయి. మళ్లీ తెరిచిన రోజు చాలామంది కుర్చీ తుడిచారు, ఆటోక్లేవ్ నడిపి చూశారు. అలమరాలోని సీసాలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని తేదీ చూసినవాళ్లు తక్కువే ఉంటారని నా అనుమానం. క్లినిక్‌లో ఉండేది అరలీటరే కావచ్చు, ఊరిని ముంచదు. కానీ నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి మామూలు గది వేడికే మోనోమర్ నుంచి లేస్తుంది. దాని పక్కనే మైనం కరిగించడానికి స్పిరిట్ దీపం వెలిగించే అలవాటు మా వృత్తిలో ఇంకా ఉంది. ఈ ఆవిరి కూడా గాలికన్నా బరువే. పైకప్పు దగ్గర తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని నమ్ముకుని బల్ల మీద ముద్ద కలిపితే, అది ముందుగా చేరేది కలిపేవాళ్ల ముక్కుకే. లేటెక్స్ గ్లోవ్స్ ఉన్నాయన్న ధైర్యమూ పనికిరాదు. మోనోమర్ వాటిలోంచి నిమిషాల్లో చర్మానికి దిగుతుంది. ఏళ్ల తరబడి వట్టిచేత్తో ముద్ద కలిపిన ల్యాబ్ టెక్నీషియన్ల వేళ్లు పగలడం, మొద్దుబారడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఎరిగిందే.

నాకు మోనోమర్ కన్నా ఎక్కువ భయం హైపో మీద. రూట్ కెనాల్ కడగడానికి వాడే సోడియం హైపోక్లోరైట్ 3 శాతం, కొన్నిచోట్ల 5 శాతం దాటి ఉంటుంది. పంటి లోపలి కుళ్లును కరిగిస్తుంది, అందుకే దానికి సాటి లేదు. అదే ద్రవం వేరు చివర దాటి బయటపడితే మంచి కండనూ అలాగే కాలుస్తుంది. క్షణాల్లో మొహం వాచిపోతుంది, నొప్పికి పేషెంటు కేక పెడతాడు. అందుకే పక్కన రంధ్రమున్న సూది వాడాలి, సూది కాలువలో బిగుసుకోకూడదు, పిస్టన్ మెల్లగా నొక్కాలి. ఇవన్నీ కాలేజీలో చెప్తారు. కాలేజీలో గట్టిగా చెప్పనిది ఒకటుంది. సిరంజిలోకి ఎక్కించాక హైపో, సెలైన్, మత్తుమందు చూపుకు ఒకేలా ఉంటాయి. మత్తుమందనుకుని హైపో ఎక్కించిన ఉదంతాలు దంతవైద్య పత్రికల్లో అచ్చయి ఉన్నాయి. మా దగ్గర హైపో సిరంజి ఎర్ర టేపు చుట్టకుండా ట్రేలోకి రాదు. నీళ్ల బాటిల్లో హైపో పోసి ఉంచడం నేరంతో సమానమని నా అభిప్రాయం. సాయంత్రం నేల కడిగే ఆమె మిగిలిన హైపోలో బాత్రూం యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆమెకు ఆ మాట ఎవరు చెప్పారు?

పరికరాలను శుద్ధి చేయడానికి వాడే గ్లుటరాల్డిహైడ్ గురించి నాది ఒకటే మాట. వేడికి తట్టుకునే పరికరమేదైనా ఆటోక్లేవ్‌లోకే పోవాలి. ఆ ద్రావణం మూతలేని ట్రేలో పెట్టుకుని, ఏసీ గదిలో రోజంతా పీల్చి, ఆయాసం తెచ్చుకోవడం ఎందుకు? పాదరసం సంగతీ అంతే. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది, పాదరసం కలిసిన వెండి ఫిల్లింగులు తగ్గుతున్నాయి. పాతవి మాత్రం జనం నోళ్లలో ఉన్నాయి, రోజూ తీస్తూనే ఉన్నాం. ఆ తుక్కునీ, ఫిల్లింగుతో ఊడివచ్చిన పంటినీ ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేస్తే కాల్చేచోట పాదరసం గాలిలో కలుస్తుంది. మూత బిగించిన సీసాలో విడిగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి.

ఈ సీసాలను రోజంతా ముట్టుకునేది ఎవరు? డాక్టరు చూపు పేషెంటు నోట్లో ఉంటుంది. కలిపేది, పోసేది, కడిగేది, పారబోసేది అసిస్టెంటు. మన దగ్గర చాలామంది ఇంటర్‌తో ఆపేసి వచ్చిన అమ్మాయిలు. సీసా మీద అక్షరాలు ఇంగ్లిషులో, చీమ తలంత సైజులో ఉంటాయి. ప్రమాద సమాచార పత్రం సరఫరాదారుణ్ని అడిగితే ఇస్తాడు, మనమే అడగం.

తోటి డాక్టర్లకు నా విన్నపం ఇది. ఈ ఆదివారం గంటసేపు క్లినిక్ తెరిచి అలమరా ఖాళీ చేయండి. ప్రతి సీసాకూ తెలుగులో చీటీ అంటించండి: పేరు, తెరిచిన తేదీ, దేనితో కలపకూడదో, కంట్లో పడితే ఏం చేయాలో. ఆ చీటీలను అసిస్టెంటు చేతే చదివించండి. ఆమె అడిగిన ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, జవాబు తెలిసేదాకా ఆ సీసా మూత తీయకండి.