గాదెలో కుర్రాడు, బావిలో పిల్ల

మొన్న విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి, ఒక పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని పేజీలు తిప్పుతున్నాను. కొట్టతను చూసి చూసి ఇక ఉండబట్టలేక, "అమ్మా, తిరగేసి పట్టుకున్నారు" అన్నాడు. చదువు రాదనుకున్నాడో, కళ్లజోడు మర్చిపోయి వచ్చాననుకున్నాడో.

"తెలుసు బాబూ. నేను చూసింది ఇటువైపు నుంచే" అన్నాను. అతను ఇంకేం మాట్లాడలేదు. పక్కనున్న గ్రూప్ టూ గైడ్ల కట్ట సర్దుకున్నాడు.

సంగతి ఏమిటంటే, నా చిన్నప్పటి సాహస కథలేవీ నేను చదవలేదు. విన్నాను. వేసవి సెలవులకి తెనాలి పక్కన అమ్మమ్మగారి ఊరు వెళ్తే, మధ్యాహ్నం ఎండకి బయట తిరగనివ్వకుండా పెద్దమావయ్య మమ్మల్ని వసారాలో కూలేసేవాడు. చాప మీద బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, పుస్తకం నేల మీద పరుచుకునేవాడు. మేం ఐదుగురం ఎదురుగా, మేమూ బోర్లానే. పుస్తకానికి ఆ కొసన ఆయన, ఈ కొసన మేము. అందుకని నాకు బొమ్మలన్నీ తలకిందులుగానే గుర్తు. ఓడ తెరచాపలు కిందకి, సముద్రం పైకి.

పుస్తకాలు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. కథ మంచి పట్టులో ఉండగా ఠప్పున మూసి, భోషాణంలో పెట్టి తాళం వేసేవాడు. అందులో ఆయన చిన్నప్పుడు పత్రికల్లోంచి సీరియల్ కాగితాలు విడదీసి, దబ్బనంతో కుట్టుకున్న బైండ్లుండేవి. అట్టలు పోయి, మొదటి పేజీలు రాలిపోయిన నవలలుండేవి. పేరేమిటి, ఎవరు రాశారు అని ఆయన చెప్పిందీ లేదు, మేం అడిగిందీ లేదు. కథకి పేరుండాలని అప్పటికి మాకు తెలియదు. మావయ్య పోయాక ఆ ఇల్లు అమ్మేశారు. భోషాణం ఎవరి వాటాకి వెళ్లిందో తెలుసు. అందులోవి చెదలు తిన్నాయో, తూకానికి వెళ్లాయో ఎవరూ చెప్పరు.

నా దగ్గర మిగిలినవి నాలుగు తునకలు. గాదెలో నక్కి దొంగల మాటలు వింటున్న కుర్రాడు. ఓడల మీదుగా ఆకాశంలో తోకచుక్క. ఒంటికన్ను మాంత్రికుడు కర్ర టకటకలాడించుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఒకడి అరచేతిలో నల్లచుక్క పెట్టడం, వాడు అక్కడికక్కడే కూలిపోవడం. నాలుగోది, పళ్లతో దీపం పట్టుకుని బావిలో తాడుకి వేలాడుతున్న పిల్ల. ఇవన్నీ ఒక్క పుస్తకంలోవే అనుకున్నాను. నలభయ్యేళ్లపాటు ఆ ఒక్క పుస్తకం కోసమే వెతికాను. లేని పుస్తకం ఎంత వెతికితే దొరుకుతుంది?

ఈ వెతుకులాటలో చాలామందిని చూశాను. అందరం చేసే మొదటి తప్పు ఒకటే, పేరుతో మొదలుపెడతాం. "ఏదో ద్వీపం అండీ", "ఏదో లోయ." చిన్ననాటి పుస్తకం పేరు మనకి గుర్తుండదు, గుర్తున్నట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని పట్టుకుని వెళ్తే వేరే వీధిలో తేలతాం. ఇప్పుడు నన్నెవరైనా సాయం అడిగితే నేను పేరడగను. ఎక్కడ కూర్చుని చదివారు? ఏ క్లాసు? పుస్తకం చేతిలో పట్టేదా, ఒళ్లో పెట్టుకోవాల్సినంత పెద్దదా? బొమ్మ పేజీ అంతా ఉందా, మూలన ఉందా? మనిషి కథ మర్చిపోతాడు గానీ పేజీలో బొమ్మ ఉన్న చోటు మర్చిపోడు.

రెండోది, గుర్తున్న వస్తువుని నమ్మకూడదు. వస్తువు చేసిన పనిని నమ్మాలి. ఇది నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. గాదె, గాదె అని నేను తిరిగినన్నాళ్లూ గాదె ఎక్కడా తగల్లేదు. ఒక రోజు నండూరి రామమోహనరావు గారి 'కాంచన ద్వీపం' చేతికొచ్చింది. ఊరికే తిప్పుతుంటే, జిమ్ అనే కుర్రాడు ఓడ మీద యాపిల్ పండు కోసం పీపాలోకి దిగాడు. అడుగున పళ్లు దాదాపు అయిపోయాయి. ఓడ ఊగుతుంటే లోపలే కునుకు పట్టబోతోంది. ఎవడో బరువైన మనిషి వచ్చి పీపాకి ఆనుకుని కూర్చున్నాడు. వాడు ఒంటికాలి సిల్వర్. ఓడని ఎలా కాజేయాలో, ఎవరెవర్ని చంపాలో చెబుతున్నాడు. నేను కొట్టు మెట్ల మీద చతికిలబడ్డాను.

మా అమ్మమ్మ ఇంట్లో పీపా అంటే కిరసనాయిలుది. మనిషి అందులో దాక్కోడు. పిల్లలు దాక్కోవడానికి వీలైంది గాదె ఒక్కటే. అందుకని నా బుర్ర మారుమాట లేకుండా పీపా తీసేసి గాదె పెట్టింది. యాపిల్ పళ్లని ఏం చేసిందో తెలియదు, నా గాదెలో వడ్లే ఉన్నాయి. నా లెక్కలో ఆ ఘట్టం సగం పుస్తకం. తీరా చూస్తే ఒక చిన్న అధ్యాయం. దొంగల్లో ఒకణ్ణి పీపాలోంచి ఓ పండు తియ్యమంటాడు సిల్వర్. ఇంకొకడు పండెందుకు, సారా తెప్పించమంటాడు. అందుకే కుర్రాడు బతికాడు. ఇది మాత్రం మావయ్య చెప్పిన సంగతి గుర్తుంది, ఎందుకంటే "చూశారా, తాగుడు కూడా ఒక్కోసారి మంచిదే" అన్నందుకు అమ్మమ్మ లోపల్నుంచి కేకలేసింది.

మూల కథ రాసిన స్టీవెన్‌సన్ కూడా దాన్ని తన పేరుతో మొదలుపెట్టలేదు. 1881లో లండన్‌లో పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు దాని మీద ఉన్నది 'కెప్టెన్ జార్జ్ నార్త్' అనే మారుపేరు. సొంతపేరుతో పుస్తకంగా వచ్చింది 1883లో. అసలు అది పుట్టిందే తన సవతికొడుకుతో కలిసి సరదాగా గీసిన ఒక ద్వీపం పటంలోంచి. నండూరి వారు మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌నీ, హకల్‌బెరీ ఫిన్‌నీ కూడా తెలుగులోకి తెచ్చారు. 'విశ్వరూపం'లో నక్షత్రాల సంగతి చెప్పిందీ ఆయనే. ఇంత రాసిన మనిషి పేరు నాకు చిన్నప్పుడు తెలియకపోవడం మావయ్య తప్పే. అట్ట చింపింది ఆయనో, ఎలకో.

సరే, గాదె దొరికింది. గుమ్మంలో కర్ర చప్పుడూ అందులోనే దొరికింది. కానీ ఆ వచ్చినవాడు మాంత్రికుడు కాదు, ఒంటికన్ను వాడూ కాదు. ప్యూ అనే గుడ్డి ఓడదొంగ. మరి నా ఒంటికన్ను ఎక్కడిది? పైగా పుస్తకం చివరిదాకా చూసినా ఆకాశంలో తోకచుక్క లేదు.

హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఒసే పిచ్చిదానా, తోకచుక్క చందమామలోదే. సమరసేనుడు, కుండలినీ ద్వీపం. మర్చిపోయావా?"

"మరి కర్ర పట్టుకొచ్చింది ఏకాక్షి కాదూ?"

"ఏకాక్షి చుక్క ఎందుకిస్తాడే? వాడికి చతుర్నేత్రుడితో పోట్లాడ్డానికే తీరికుండదు."

అన్నయ్య చెప్పింది నిజమే. 'తోకచుక్క' 1954లో చందమామలో మొదలైన సీరియల్. అందులో మాంత్రికులిద్దరూ బద్ధశత్రువులు. ఒకడికి కన్ను ఒకటి, ఇంకొకడికి నాలుగు. స్టీవెన్‌సన్ ఓడదొంగకి అసలు లేవు. నేను సగటు తీసినట్టున్నాను. గుడ్డివాడి కర్ర తీసి ఏకాక్షి చేతికిచ్చాను. ఈ రెండు కథలూ ఎలా కలిశాయో అన్నయ్యే తేల్చాడు. ఆ వేసవిలో మాకు చుక్క ఆట ఒకటుండేది. కాగితం ముక్క మీద సిరాతో నల్లచుక్క పెట్టి, మడిచి, ఎవరి చేతిలోనైనా పెడితే వాళ్లు తమ వాటా మామిడిపండు ఇచ్చెయ్యాలి. చుక్క అందుకున్న రోజు నేను ఏడ్చి, దాని వెనకాల తోక గీసి, "ఇది తోకచుక్క, ఇది చెల్లదు" అన్నానట. అంతే, రెండు పుస్తకాలకీ కుట్టు పడిపోయింది. దబ్బనం మావయ్యది కాదు, నాదే.

'తోకచుక్క' రాసిందెవరో చందమామ చెప్పలేదు. ఆ పత్రికలో సీరియళ్లకి రచయిత పేరు వెయ్యడం రివాజు కాదు. బొమ్మ అడుగున 'చిత్రా' అని సంతకం కనిపించేది, అదీ తలకిందులుగా. కథకుడికి ఆ మాత్రం సంతకమూ లేదు. చాలా ఏళ్లకి తెలిసింది, ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారని. 1952లో మద్రాసులో చందమామలో చేరి, 2006 దాకా అక్కడే ఉన్నారు. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం అంటూ వరసగా పన్నెండు సీరియళ్లు. పక్క పత్రిక బొమ్మరిల్లుకి రాసిన 'మృత్యులోయ' వేరే. ఇళ్లల్లో ఆ కాగితాలు చింపి కుట్టుకుని దాచుకున్న వాళ్లు వేలల్లో ఉంటారు. రాసినాయన ఎదురుపడితే పోల్చుకోగలిగిన వాళ్లు ఎందరు?

చందమామ వదిలాక ఆయన విజయవాడ వచ్చేశారు. 2010 జనవరిలో అక్కడే పోయారు. ఆ నాలుగేళ్లూ నేను నెలకోసారి విజయవాడ వెళ్తూనే ఉన్నాను. లెనిన్ సెంటర్, ఏలూరు రోడ్డు, అటు నవోదయ, ఇటు విశాలాంధ్ర, ఆదివారం ఫుట్‌పాత్ మీది గోనెపట్టాలు అన్నీ తిరిగాను. "తోకచుక్క ఉన్న కథండీ, పేరు తెలియదు" అని అడిగిన వాళ్లనే మళ్లీ అడిగాను. రాసినాయన ఆ ఊళ్లోనే ఉన్నారు. ఏ సిటీ బస్సో ఎక్కితే వెళ్లి, సమరసేనుడి ముచ్చట్లు అడిగి రావచ్చు. పుస్తకాన్ని వెతకడమే తప్ప మనిషిని వెతకాలని తోచలేదు. తోచినా పేరు తెలియదు కదా అని సర్దిచెప్పుకోవచ్చు. సర్దుకోవడం లేదు.

ఇప్పుడా సీరియళ్లు రచయిత పేరుతో సహా పుస్తకాలుగా వచ్చాయి. పాత సంచికల స్కాన్లూ దొరుకుతాయి. మా మేనల్లుడు ఫోన్‌లో పీడీఎఫ్ దించి ఇచ్చాడు. నాకు కావలసినట్టు చూద్దామని ఫోన్ తిరగేస్తే, పేజీ కూడా తిరిగి మళ్లీ నిటారుగా నిలబడింది. ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. చివరికి ఫోన్ని బల్ల మీద పెట్టి, నేనే బల్లకి అవతలి వైపు వెళ్లి చూశాను. మేనల్లుడు నవ్వితే నవ్వాడు గానీ, సమరసేనుడి ఓడ చటుక్కున పోల్చుకున్నాను.

ఇక బావిలో పిల్ల.

'కాంచన ద్వీపం'లో ఆమె ఉండే అవకాశమే లేదు. జిమ్ తల్లి తప్ప చెప్పుకోదగ్గ ఆడమనిషి ఆ కథలో లేదు. 'తోకచుక్క' ఒకటికి రెండుసార్లు తిరగేశాను. వేటపాలెం సారస్వత నికేతనంలో రెండు రోజులు కూర్చుని పాత వారపత్రికలు చూశాను. 1918 నాటి ఆ గ్రంథాలయంలో పాత పత్రికల కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది పీహెచ్‌డీ పిల్లలు. నేను బైండు తలకిందులుగా పెట్టుకుని పేజీలు తిప్పుతుంటే పక్కనున్న కుర్రాడు తన కుర్చీ కాస్త అటు జరుపుకున్నాడు. అక్కడా లేదు.

అన్నయ్యకి ఒక సిద్ధాంతం ఉంది. అసలా పుస్తకమే లేదంటాడు. "నువ్వు రోజూ, 'అన్నీ మగపిల్లల కథలేనా మావయ్యా' అని దెబ్బలాడేదానివి. నీ పోరు పడలేక ఓ మధ్యాహ్నం నోటికొచ్చింది కల్పించాడు. పేజీ చూస్తూ చదివినట్టు నటించాడు. ఆయనకది కష్టమా?"

కష్టం కాదు, ఒప్పుకుంటాను. ఏ పుస్తకంలోనూ లేని తెనాలి సెటైర్లు దొంగల నోట పలికించిన మనిషి. మరి పరికిణీ ఎగ్గట్టుకుని, పళ్లతో దీపం పట్టుకున్న ఆ పిల్ల బొమ్మ ఎక్కడిది? ఆయన కథ కల్పించగలడు, బొమ్మ కల్పించలేడు. మా వైపు నుంచి చూస్తే కుడి పక్క పేజీ, పై సగం. అంటే సరిగ్గా పట్టుకుంటే ఎడమ పేజీలో అడుగున ఉంటుంది. మీ ఇంట్లో అట్ట పోయిన బైండ్లేమైనా ఉంటే ఒకసారి చూడండి. అయితే ఒక్క మాట. నేను చూసింది తిరగేసి గనక, ఆ పిల్ల బావిలోకి దిగుతోందో, బావిలోంచి పైకి ఎక్కుతోందో మాత్రం చెప్పలేను.