రాత్‌రాణి ఎవరి కోసం పూస్తుంది?

ఆలేరులో మా వాడకట్టున రాత్‌రాణి పొద లేని గల్లీ తక్కువ. కొందరు నైట్‌క్వీన్ అంటారు. పగలు ఎవరి కంటా పడదు. చీకటి పడ్డాక సన్నటి పూలు విచ్చుకుని గల్లీ అంతా గుప్పుమంటుంది. "ఆడికి పామొస్తది, పొద్దుగూకినంక పోకు బిడ్డా" అని పెద్దవాళ్లు హెచ్చరిస్తారు. ఈ మాట ఆడపిల్లలకు చెప్పగానే ఎక్కువగా విన్నాను. పొద కింద చేరే ఎలుకల కోసం పాము రావచ్చు గాని, పూల వాసనకు కాదు. అయినా పరిమళాన్నీ రాత్రినీ పామునీ ఆడపిల్లనూ ఒక్క ముడి వేయడం మనకు అలవాటు.

సాహిత్యం చేసిన పనీ అదే. విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం'లో చంద్రగుప్తుడి మీదికి రాక్షసమంత్రి పంపిన విషకన్యను చాణక్యుడు పర్వతకుడి మీదికి మళ్లిస్తాడు. ఇద్దరు మంత్రుల ఎత్తుగడల నడుమ ఆమె ఒక ఆయుధం. పేరు లేదు, రంగస్థలం మీద చోటు లేదు. 1844లో అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ రాసిన 'రపాచినీ కూతురు' కథలో బియాట్రిస్‌కు పేరుంది. ప్రియుణ్ణి నిలదీసే మాటా ఉంది. కాని ఆమెను విషపు తోటలో పెంచి విషంగా మార్చింది తండ్రి. విరుగుడంటూ తెచ్చిచ్చింది ప్రియుడు. అది తాగి చచ్చిపోయింది మాత్రం ఆమె. విషం ఎవరు ఎక్కించారని అడగకుండా, ఎవరి ఒంట్లో ఉందనే చూసే చదువు మనది.

మరి చెట్టు సంగతి? అది ఈ నేలది కాదు, మధ్య అమెరికా, వెస్టిండీస్ ప్రాంతాలది. 1753లో లిన్నేయస్ దానికి సెస్ట్రమ్ నాక్టర్నమ్ అని పేరు పెట్టాడు. వంకాయ, టమాట, మిరప, పొగాకు దాని కుటుంబమే. రాత్రి వాసన వేసేది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం, పరాగసంపర్కం కోసం. ఆకులోనూ తెల్లటి కాయలోనూ ఉన్న విషం, మేసేవాటి నుంచి తనను కాపాడుకోవడానికి. మేకలూ పసిపిల్లలూ నోట పెట్టకుండా చూసుకోవాలి. జాగ్రత్త అంతవరకే, అది మగపిల్లలకూ చెప్పాలి. ఆ పరిమళంలో గాని, విషంలో గాని మగవాడి ప్రసక్తే లేదు.

అందుకే స్త్రీల కవిత్వంలో 'నేను విషపుష్పాన్ని' లాంటి ప్రకటన ఎదురైతే నాకు ఇబ్బందిగా ఉంటుంది. తిట్టును కిరీటంగా పెట్టుకుంటే కొంత బలం వస్తుంది, నిజమే. కాని అక్కడా కొలబద్ద మగవాడి భయమే. రాత్రి మన చేతికి రాదు.

ఆలేరుకు రాత్రి గురించి వేరే జ్ఞాపకం ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో అజ్ఞాతంలో తిరిగిన ఆరుట్ల కమలాదేవి, 1952లో ఇక్కడి నుంచే హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ పోరాటంలోని ఆడవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. వాళ్లకు రాత్రంటే కబురు మోయడం, దాక్కోవడం, ఆకలి, భయం, సాటి మనుషుల తోడు. మన ప్రతీకలకు రాత్రి కావాలంటే అక్కణ్ణుంచి తెచ్చుకుందాం.