సూక్ష్మదర్శినికి కెమెరా బిగించాక

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలను చూశాడు. మలేరియా రోగి రక్తం తాగిన దోమ అది. చెమట తగిలి తగిలి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉంది. పంకా వేయిస్తే కోసి పెట్టిన దోమలు గాలికి ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చునేవాడు. చూసినదాన్ని నోటు పుస్తకంలో చేత్తో బొమ్మ గీసుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సంగతి అచ్చయింది, పక్కనే ప్యాట్రిక్ మాన్సన్ వ్యాఖ్యతో. కొత్త విషయం కనిపెట్టిన రాస్‌కు లోకాన్ని నమ్మించడానికి చేతిలో ఉన్నవి మూడే: ఒక బొమ్మ, ఒక స్లైడు, పెద్దవాళ్ల మాట.

చూసినవాడు చెప్పేదాన్ని చూడనివాడు ఎందుకు నమ్మాలన్న ప్రశ్న అప్పటికే రాబర్ట్ కోచ్‌ను వేధించింది. గీసేవాడి ఊహ కూడా బొమ్మలోకి వచ్చేస్తుందని ఆయన బాధ. అందుకే 1877లో బాక్టీరియా ఫొటోలను తొలిసారి అచ్చువేశాడు. అంతకు ముందే 1840లలో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ దోనే, లియోన్ ఫూకో రక్తకణాలను డాగెరోటైప్ పలకల మీదికి ఎక్కించారు. అప్పట్లో వాటిని నేరుగా అచ్చువేసే వీలు లేక చెక్కడపు బొమ్మలుగా మార్చి 1845లో అట్లాసుగా తెచ్చారు. ఫిల్ము రోజులు దాటి, 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే చిప్‌ను రూపొందించాక ఈ సంప్రదాయం మరో మలుపు తిరిగింది. ఇప్పుడు కెమెరా వెలుగును అంకెలుగా రాసి ఇస్తుంది. అంటే అది కొలత పరికరమైంది. దాన్ని ఫోన్ కెమెరా వాడినట్టు వాడకూడదన్నదే నేను చెప్పదలచిన మాట.

అమరిక చూడటానికి తేలికే. మూడో గొట్టం ఉన్న ట్రైనాక్యులర్ మైక్రోస్కోప్, దాని మీద సి-మౌంట్ అడాప్టర్, దాని మీద కెమెరా, అక్కణ్నుంచి కంప్యూటర్‌కి ఒక కేబుల్. తెర మీద కంట్రోల్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎక్స్‌పోజర్, గెయిన్, వైట్ బ్యాలెన్స్, బిన్నింగ్, గామా వరసగా కనిపిస్తాయి. చాలావాటి పక్కన 'ఆటో' అనే గడి కూడా ఉంటుంది. మన ల్యాబుల్లో ఆ గడిలో టిక్కు తీయడం ఎవరూ నేర్పరు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

అంతకన్నా ముందు దీపం సంగతి చూసుకోవాలి. ఆగస్ట్ కోహ్లర్ 1893లో చెప్పిన పద్ధతికి నూటముప్పై ఏళ్లు దాటినా దాన్ని మించినది రాలేదు. స్లైడును ఫోకస్ చేసి, కింద ఫీల్డ్ డయాఫ్రమ్‌ను బాగా మూసి, దాని అంచు స్పష్టంగా కనిపించేదాకా కండెన్సర్‌ను పైకీ కిందికీ జరపాలి. ఆ వెలుగు మచ్చను మధ్యకు తెచ్చి, కనిపించే వృత్తం అంచు దాటేంతవరకే డయాఫ్రమ్ తెరవాలి. కండెన్సర్ అపర్చర్‌ను ఆబ్జెక్టివ్ అపర్చర్‌లో మూడింట రెండొంతుల దగ్గర, లేదా ఇంకాస్త ఎక్కువ ఉంచాలి. బాగా మూసేస్తే కాంట్రాస్ట్ పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, ప్రతి కణం చుట్టూ లేని గీతలు పుట్టుకొస్తాయి. దీపం దగ్గర చేసిన ఈ తప్పును తరవాత ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు.

హాలోజన్ బల్బు అయితే ఇంకో జాగ్రత్త ఉంది. వోల్టేజీ తగ్గిస్తే వెలుగు తగ్గడంతో పాటు పసుపెక్కుతుంది. అందుకని బల్బును ఒక వోల్టేజీ దగ్గర పెట్టేసి ఇక కదపకూడదు. ఎక్కువ తక్కువలు ఎక్స్‌పోజర్‌తోనో, న్యూట్రల్ ఫిల్టర్‌తోనో సర్దుకోవాలి. గెయిన్ పెంచితే బొమ్మ వెలుగుతుంది, దాంతో పాటు నాయిస్ కూడా పెరుగుతుంది. రంగు వేసిన స్లైడు ఎక్కడికీ పారిపోదు కనుక గెయిన్ తక్కువ పెట్టి ఎక్స్‌పోజర్ పెంచుకోవడమే మేలు. కదిలే ప్రాణికి ఆ వెసులుబాటు ఉండదు.

ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలో కంటితో కాక హిస్టోగ్రామ్‌తో తేల్చుకోవాలి. ఎనిమిది బిట్ల బొమ్మలో 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. పన్నెండు బిట్లయితే 4,096. ఖాళీ నేపథ్యం పై కొసకు దగ్గరగా ఉండాలి, కొసను తాకకూడదు. 255కు కొట్టుకున్న పిక్సెల్‌లో అసలు వెలుగు ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. ఆటో ఎక్స్‌పోజర్ చేసేది ఈ లెక్క కాదు, బొమ్మ మొత్తాన్ని సగటు బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఒక స్లైడులో కణాలు ఎక్కువ, ఇంకో స్లైడులో తక్కువ ఉంటే రెంటికీ వేర్వేరు ఎక్స్‌పోజర్ ఇస్తుంది. ఆ తరవాత ఆ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అర్థమే ఉండదు.

రంగు దగ్గర జరిగే నష్టం చూడాలంటే మలేరియా స్లైడే మంచి ఉదాహరణ. గీమ్సా రంగు వేసిన పల్చటి స్మియర్‌లో పరాన్నజీవి క్రొమాటిన్ ఎర్రగా, సైటోప్లాజం నీలంగా కనిపిస్తాయి. వైవాక్స్ రకం మలేరియా సోకిన ఎర్రకణం పెద్దదవుతుంది. దానిలో షూఫ్నర్ చుక్కలనే సన్నటి గులాబీ రేణువులు తేలతాయి. అవి కనిపించాలంటే స్టెయిన్ కలిపే బఫర్ పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. టెక్నీషియన్ అంత శ్రద్ధగా తెచ్చిన చుక్కలను ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్క క్షణంలో మసకబరుస్తుంది. తెర నిండా గులాబీ కణాలే ఉంటే దీపమే గులాబీదని పొరబడి ఆ రంగును లాగేస్తుంది. చేయవలసిన పని చిన్నదే. అదే స్లైడులో కణాలు లేని ఖాళీ చోటుకు జరిపి, అక్కడ ఒక్కసారి వైట్ బ్యాలెన్స్ కొట్టి, దాన్ని అలాగే లాక్ చేయాలి. దాచేటప్పుడు జేపెగ్ వద్దు, టిఫ్ ఎంచుకోవాలి. ఫైలు చిన్నదవడానికి జేపెగ్ ముందుగా వదిలేసేది సన్నటి రంగు తేడాలనే. ఈ చుక్కలు సరిగ్గా అలాంటివే.

ఆ ఖాళీ చోటునే ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకో మేలు ఉంది. అంచుల్లో చీకటి, మధ్యలో వెలుగు అందులో అచ్చుగా పడతాయి. అసలు బొమ్మను దానితో భాగిస్తే వెలుగు అంతటా సమమవుతుంది. మచ్చలు కనిపిస్తే స్లైడును జరిపి చూడండి. మచ్చ కూడా జరిగితే దుమ్ము స్లైడు మీద ఉన్నట్టు. జరగకపోతే కెమెరాను కొద్దిగా తిప్పండి. బొమ్మ తిరిగినా మచ్చ తెర మీద ఉన్నచోటే ఉంటే దుమ్ము కెమెరాలోనే ఉన్నట్టు.

మెగాపిక్సెళ్ల మోజు గురించి ఒక మాట. ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో చెప్పిన పరిమితి ఇప్పటికీ మామూలు మైక్రోస్కోప్‌ను కట్టి ఉంచుతుంది. ఆకుపచ్చ వెలుగులో, 1.4 అపర్చర్ ఉన్న ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సుతో దాదాపు 0.2 మైక్రాన్ల కన్నా సన్నని వివరం విడిపడదు. సెన్సర్ పిక్సెల్ 3.45 మైక్రాన్లు, అడాప్టర్ బొమ్మను సగానికి తగ్గించేది, ఆబ్జెక్టివ్ 100 రెట్లది అనుకుంటే ఒక్కో పిక్సెల్ స్లైడు మీద 0.069 మైక్రాన్లకు సమానం. లెన్సు ఇచ్చే అతి చిన్న వివరానికి దాదాపు మూడు పిక్సెళ్లు దొరికాయి. రెండుంటే చాలు. ఇంతకు మించి పిక్సెళ్లు కొన్నా ఫైలు బరువే పెరుగుతుంది. ఆ డబ్బు మంచి ఆబ్జెక్టివ్‌కి పెడితే ఫలితం కంటికి కనిపిస్తుంది.

కొలతకు స్టేజ్ మైక్రోమీటర్ కావాలి. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసి గీతలు గీసిన గాజు స్లైడు అది. పై కెమెరాకే 40 ఆబ్జెక్టివ్ పెడితే పది గీతల దూరం, అంటే 100 మైక్రాన్లు, సుమారు 580 పిక్సెళ్లు రావాలి. ప్రతి ఆబ్జెక్టివ్‌కూ ఇలా విడిగా కొలిచి సాఫ్ట్‌వేర్‌లో దాచాలి. ఆబ్జెక్టివ్‌ను 40 నుంచి 100కు తిప్పి, ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పడం మరిస్తే ఏడు మైక్రాన్ల ఎర్రకణం పద్దెనిమిది మైక్రాన్లవుతుంది. స్కేల్ బార్ మాత్రం ఎంతో నమ్మకంగా కింద కూర్చుని ఉంటుంది.

ఫ్లోరెసెన్స్‌కి వచ్చేసరికి కంట్రోల్ వ్యవస్థ లేకుండా పని నడవదు. వెలుగు పడినకొద్దీ ఆ రంగులు మాసిపోతాయి, బతికున్న కణాలు దెబ్బతింటాయి. అందుకే కెమెరా చూస్తున్న క్షణాల్లోనే షట్టర్ తెరిచి, వెంటనే మూయాలి. ఫోకస్‌ను పొర పొరగా జరుపుతూ, ఫిల్టర్లు మారుస్తూ, నిమిషానికో బొమ్మ చొప్పున రాత్రంతా తీయడం మనిషి చేత్తో అయ్యే పని కాదు. కంపెనీకో కెమెరా, కంపెనీకో స్టేజి ఉన్న చోట అన్నిటినీ ఒక్క తెర నుంచి నడపడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో రాన్ వేల్ ప్రయోగశాల 2005లో మైక్రో-మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. అది ఉచితం, కోడ్ కూడా బహిరంగం. బొమ్మలను కొలిచే, విశ్లేషించే ఇమేజ్‌జే (వేన్ రాస్‌బాండ్ రాసినది) దానికి తోడు. మైక్రో-మేనేజర్ తీసిన ప్రతి బొమ్మతో పాటు ఎక్స్‌పోజర్ ఎంత, ఏ ఫిల్టర్, ఫోకస్ ఎక్కడ, ఏ సమయం అన్నది మెటాడేటాగా రాసిపెడుతుంది. నాకు ఈ వ్యవస్థల్లో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ రాతే. కోచ్ కోరుకున్నదీ ఇదే. బొమ్మ ఎలా వచ్చిందో, తీసినవాణ్ని అడగకుండా తెలియాలి.

దీన్ని అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో పరిశోధన పత్రికలకు బాగా తెలుసు. 2004లో మైక్ రాస్నర్, కెన్నెత్ యమాడా జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో బొమ్మల విషయంలో పాటించవలసిన హద్దులు రాశారు. బొమ్మ మొత్తానికి సమానంగా వెలుగు సర్దుకోవచ్చు. ఒక మూలను మాత్రం మార్చడం, ఇబ్బంది పెట్టే మచ్చను చెరిపేయడం, రెండు బొమ్మలను గీత లేకుండా అతికించడం కూడదు. అసలు ఫైలు అడిగితే చూపగలగాలి. మార్పులన్నీ నకలు మీదే చేయాలి.

మన డిగ్రీ కాలేజీల జువాలజీ ల్యాబుల్లో, జిల్లా ఆసుపత్రుల పాథాలజీ గదుల్లో కెమెరా ఉన్న మైక్రోస్కోపులు ఇప్పుడు కనిపిస్తున్నాయి. వాటి పక్కన ఒక స్టేజ్ మైక్రోమీటర్, ఒక ఖాళీ స్లైడు, ఒక నోటు పుస్తకం కూడా ఉంచాలి. విద్యార్థికి మొదటి క్లాసులోనే ఆటో టిక్కులన్నీ తీయించి, దీపం సర్దడం, ఖాళీ చోట తెలుపు పట్టడం, మైక్రోమీటర్‌తో పిక్సెల్ కొలవడం చేయించాలి. పరాన్నజీవిని రెండో క్లాసులో చూపించవచ్చు.