వైకల్యం – సాన్నిహిత్యం: విశ్వనాథ్ 1986 నాటి రెండు చిత్రాలు

తెలుగు చలనచిత్ర విమర్శలో వైకల్యమున్న పాత్రలను గూర్చిన చర్చ తరచు కరుణరసం వద్దనే ఆగిపోతుంది. ఆ పాత్రకు కోరిక ఉన్నదా, దానిని ఎవరు పలుకుతున్నారు, సమ్మతి ఎవరిది అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో 1986లో వెలువడిన ‘స్వాతిముత్యం’, ‘సిరివెన్నెల’ చిత్రాలను ఈ ప్రశ్నలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విశ్వనాథ్ జన్మస్థలం రేపల్లె. నేడది బాపట్ల జిల్లాలో ఉన్నది. సమీపంలోని తెనాలి పద్యనాటకానికి పేరొందిన పట్టణం. ఆ రంగస్థలానికి చిరపరిచితమైన భారతకథలో ధృతరాష్ట్రుని అంధత్వం పుత్రవ్యామోహానికి సంకేతం; అక్కడ దేహలోపం నీతిలోపానికి గుర్తు. విశ్వనాథ్ ఈ సంకేతాన్ని తలకిందులు చేశారు. ఆయన చిత్రాలలో వైకల్యం నిర్మలత్వానికి చిహ్నమైంది. అయితే దోషానికి గాని, నిర్మలత్వానికి గాని చిహ్నంగా మారిన మనిషికి స్వీయకాంక్ష కలిగే అవకాశం సన్నగిల్లుతుంది.

‘స్వాతిముత్యం’లో శివయ్య (కమల్ హాసన్) వయసుకు తగిన లోకజ్ఞానం లేనివాడు. చిత్రం ఆ స్థితిని అమాయకత్వంగానే గ్రహించమంటుంది. పేరులోని ముత్యం కూడ మచ్చలేనితనాన్నే స్ఫురింపజేస్తుంది. సీతారామకల్యాణ సందర్భంలో అతడు వితంతువైన లలిత (రాధిక) మెడలో తాళి కడతాడు. ఆ క్షణంలో ఆమె సమ్మతి అడిగినవారు లేరు. వితంతు పునర్వివాహాన్ని సమర్థించే ఘట్టంగా దీనిని మెచ్చుకొన్నా, కర్త అమాయకత్వం ఆ లోటును కప్పివేసిందన్న సంగతి విస్మరించరానిది. తరువాత దాంపత్యానికి లలితే చొరవ చూపుతుంది. వితంతువు కోరికను నిందించక, సున్నితంగా చిత్రించిన ఆ గీతఘట్టం సాహసమే. కాని అందులో ఆమె నేర్పే గురువు, అతడు నేర్చుకొనే బాలుడు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, నాయకునిలో రతి వ్యక్తం కావలసినచోట నాయికలోని వాత్సల్యమే ప్రధానమైంది. తాళి కట్టేవేళ ఆమె సమ్మతినీ, ఏకాంతవేళ అతని ఎరుకనూ కథ తానే ఊహించుకొన్నది.

‘సిరివెన్నెల’లో హరిప్రసాద్ (సర్వదమన్ బెనర్జీ) అంధుడైన వేణుగాన విద్వాంసుడు, సుభాషిణి (సుహాసిని) మాటలు రాని చిత్రకారిణి. అతని వేణువు ఆమెకు వినబడుతుంది, ఆమె చిత్రం అతనికి కనబడదు. ఈ అసమానత కథకు ప్రాణం. సుభాషిణి అతనిని ప్రేమిస్తుంది. అతడు జ్యోతిర్మయిని (మూన్ మూన్ సేన్) ఆరాధిస్తాడు. ఉభయనిష్ఠం కాని రతిని ఆలంకారికులు రసాభాసమన్నారు. దర్శకుడు దానిని కళారాధనగా మలచి ఔచిత్యం నిలిపారు. అయితే దేహసంబంధమే జీవికగా గల జ్యోతిర్మయి పాత్రకు దేహాన్ని అప్పగించి, వైకల్యమున్న ఇద్దరికీ కళను మాత్రమే మిగల్చడం యాదృచ్ఛికం కాదు.

‘రంగస్థలం’ (2018)లో వినికిడి లోపమున్న చిట్టిబాబు (రామ్ చరణ్) ప్రేమకు ఇటువంటి సంకోచం లేదు. కాని అతడు దేహబలంలో సాటిలేనివాడు. కథానాయకునికి సంప్రదాయసిద్ధమైన పౌరుషం చెక్కుచెదరనంతవరకే తెర అతని శృంగారాన్ని అంగీకరిస్తుందా అన్న ప్రశ్న దీనివలన మరింత బలపడుతుంది.

విశ్వనాథ్ చిత్రాలలోని సంయమనాన్ని కాలధర్మమని సమర్థించవచ్చు. ఆ సంయమనాన్ని దాటిన ఘట్టమొకటి ‘స్వాతిముత్యం’లోనే ఉన్నది. చివర వృద్ధుడైన శివయ్య లలిత జ్ఞాపకంగా తులసిమొక్కను చేతబట్టి ఇల్లు విడిచి వెళతాడు. అతనికి ఎవరూ నేర్పని అనురాగం అక్కడ తొలిసారి అతనిదిగా కనిపిస్తుంది. యౌవనంలో పలకనివ్వని కోరికను వియోగంలో మాత్రమే పలకనిచ్చింది ఈ చిత్రం. ఆ గొంతును దంపతులు కలిసి బ్రతికిన కాలంలోనే వినిపించడం ఇకమీదటి చిత్రాలు తీర్చవలసిన బాకీ.