ఎర్రగుడ్డ మీద పూర్వీకులు

మూడు మూలల ఎర్రగుడ్డ. దాని మీద వేరే రంగు గుడ్డముక్కల్ని మనుషుల ఆకారంలో కత్తిరించి కుట్టి ఉంటారు. నగిషీ ఏమీ ఉండదు. ఒక తల, రెండు చేతులు, రెండు కాళ్లు, అంతే. భద్రాచలం, మణుగూరు, ఏటూరునాగారం అడవుల్లో కోయలు దీన్ని పడిగె అంటారు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో కోయల గురించి రాసినచోట ఇలాంటి గుడ్డ ప్రస్తావన వస్తుంది. భద్రాచలం పక్కన దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ రాసిపెట్టిన సంగతులు ఆ అధ్యాయానికి ఆధారం. కోయల్లో పేరున్న మనిషి ఎవరైనా పోతే ఆ గుడ్డ మీద కొత్త బొమ్మ కుడతారని అందులో ఉంది.

పడిగె విలువ తెలియడానికి ఆ ఒక్క మాట చాలు. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుంది. ఈ గుడ్డకు జాగా ఉన్నంతకాలం అధ్యాయాలు చేరుతూనే ఉంటాయి.

దీన్ని చదివేవాళ్లు డోలీలు. ఆర్తి బిడ్డలనీ అంటారు. కోయల్లోనే కథ చెప్పడం వృత్తిగా ఉన్న శాఖ వాళ్లది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ సాగే కోయ గోత్రాల వరసలో ఏ ఇంటిపేరు ఎక్కడ చేరుతుంది, ఏ గట్టుకు ఏ వేల్పు, ఎవరు పాలివాళ్లు, ఎవరితో వియ్యం కుదురుతుంది అన్నీ వాళ్ల నోట్లోనే ఉంటాయి. కొలుపుల్లో, చావుల్లో వాళ్లు రావాల్సిందే.

బొమ్మ చూస్తే కథ తెలిసిపోతుందనుకుంటే పొరపాటు. అది కథకుడి జ్ఞాపకానికి కొక్కెం లాంటిది. గుడ్డ మీద ఒక మనిషి ఆకారం ఉంటుంది. ఆ మనిషి ఎక్కడ పుట్టాడు, ఏ వాగు దాటాడు, ఎవరి చేతిలో పడిపోయాడు అన్నది డోలి నోటి నుంచి రావాలి. కథ వేగాన్ని నిలబెట్టేది డోలు. పేర్ల వరస చెప్పేటప్పుడు దెబ్బ నిదానంగా పడుతుంది. పోరు వచ్చేసరికి ఉరుకుతుంది. ఈ కథను కోయ మాటలోనూ తెలుగులోనూ పాడగల కళాకారులున్నారు. తెలుగులో విన్నవాళ్లకు కథ అందుతుంది. కోయలో విన్నవాళ్లకు తమ వాళ్లు కనిపిస్తారు. ఈ తేడా చిన్నదని నేను అనుకోను.

ఈ కథల్లో నెత్తురుంది. మేడారం కథ మనందరికీ తెలిసిందే. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కోయ దొర పగిడిద్దరాజు మీదికి కాకతీయ సైన్యం వచ్చింది. ఆయన, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో కూలిపోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం వదిలాడు. ఆ వాగే ఇవాళ జంపన్న వాగు. వెనక నుంచి పోటు పడిన పగిడిద్దరాజు భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. లోకంలో ఎక్కువగా తిరిగే కథ ఇది. డోలీల పాఠాల్లో పుట్టుకలూ వరసలూ వేరుగా వస్తాయి. ఈ కథకు శాసనం ఏదని అడిగేవాళ్లున్నారు. శాసనాలు చెక్కించే స్తోమత కప్పం వసూలు చేసినవాళ్లది. కట్టలేనివాళ్ల దగ్గర ఉన్నవి గుడ్డ, డోలు, గొంతు.

ఇలాంటి చావుల కథ ఇంకోచోటా ఉంది. అమెరికాలో నల్లజాతివాళ్లు అనుభవించిన బానిసత్వాన్ని చెప్పడానికి రచయిత్రి టోనీ మారిసన్ 1987లో వచ్చిన ‘బిలవ్డ్’ నవలలో ఒక దయ్యాన్ని తెచ్చింది. 1856లో పారిపోయి పట్టుబడే క్షణంలో, బిడ్డను మళ్లీ బానిసత్వానికి ఇవ్వలేక తన చేతులతోనే చంపుకున్న మార్గరెట్ గార్నర్ ఉదంతం దానికి మూలం. నవలలో ఆ చచ్చిపోయిన బిడ్డ ఇంటికి తిరిగొస్తుంది. చివరికి ఊరి ఆడవాళ్లు ఇంటి ముందు గుమిగూడి గొంతెత్తితే వెళ్లిపోతుంది. చదివినప్పుడు నాకు మన అడవే గుర్తొచ్చింది. అన్యాయంగా చచ్చినవాళ్లు ఊరుకోరన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే. అయితే మన దగ్గర ఊరు గుమిగూడేది పోయినవాళ్లను లోపలికి పిలుచుకోవడానికి. పడిగె ఎత్తి, డోలు కొట్టి, పేరుపేరునా పిలిచి, బలి ఇచ్చి, మళ్లీ ఇంటి మనిషిని చేసుకుంటారు. అక్కడ దయ్యమైనవాళ్లు ఇక్కడ వేల్పులయ్యారు.

ఆ పిలుపుకు ఎంత బలముందో రెండేళ్లకోసారి మేడారం జాతరలో చూస్తాం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తెచ్చేటప్పుడు జిల్లా ఎస్పీ గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం చెబుతారు. కప్పం కట్టలేమన్న కుటుంబపు ఇల్లాలికి ప్రభుత్వమే వందనం చేస్తోంది. ఇన్ని వందల ఏళ్లు ఆ కథను మోసిన గొంతుల వల్లే ఇది జరిగింది.

ఆ గొంతుల్లో ఒకటి సకిని రామచంద్రయ్యది. మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. చదువుకోలేదు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను రెండు భాషల్లోనూ పాడేవారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు ఆ డోలి కథల్ని రాతలోకి తెచ్చే పనికి పూనుకున్నారు. 2022లో రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు.

పుస్తకంలోకి ఎక్కిన కథ బతుకుతుంది, సందేహం లేదు. కానీ డోలు దెబ్బకు ఆగిన చోట ఊపిరి, విన్న ముసలమ్మ తన తాత పేరు రాగానే కళ్లొత్తుకోవడం, పక్కనున్న మనవడు ఆ తాత ఎవరని అడగడం అచ్చులో దొరకవు. కథ పుట్టిన చోట్లూ పోతున్నాయి. 2014లో ఈ ప్రాంతపు ఏడు మండలాలు పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అక్కడి కోయ గూడేలెన్నో ముంపులో ఉన్నాయి. వాగు మునిగితే ఆ వాగు పేరు మిగిలే చోటు కథ ఒక్కటే.

అందుకే భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏలను (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలను) ఒకటి కోరుతున్నాను. ఒక్కో గట్టు కథనూ కోయ మాటలోనే మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయించండి. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు డోలీల చేతే చెప్పించండి, దానికి తగిన కూలీ ఇవ్వండి. పాఠకులకూ ఒక మాట. ఈసారి మేడారం వెళ్తే బంగారం (బెల్లం) సమర్పించి వెంటనే బస్సెక్కకండి. డోలు మోగే చోట ఒక గంట కూర్చోండి. అర్థం కాకపోతే పక్కనున్న కోయ పెద్దాయనను అడగండి.