చిఱుతుపాకియుఁ గట్టెతుపాకియు

వంశపరంపరగా వచ్చిన తాళపత్రగ్రంథమును మనము విమర్శదృష్టితోఁ జూతుము. వంశపరంపరగా వచ్చిన యాయుధమును మాత్రము గర్వదృష్టితోఁ జూతుము. ఈ భేదము న్యాయమా యని విచారించుట కిది యొక చిన్న ప్రయత్నము. ఇందులకుఁ దెలంగాణపు పల్లెలలోని యొక జానపదకళ మనకుఁ దోడ్పడును.

మొదట గుణములు చూతము. రివాల్వరు 1836వ సంవత్సరమున సామ్యుయేలు కోల్టు పొందిన అమెరికా పేటెంటుతోఁ బ్రసిద్ధి కెక్కినది. గుండ్లు గల చక్రము కాల్పుకాల్పునకుఁ దిరిగి యొక్కొక్క గుండును గొట్టమునకు సూటిగా నిలుపుటయే దాని మర్మము. 2014లోఁ గాన్పూరునుండి వెలువడిన 'నిర్భీక్' అను చిఱుతుపాకి టైటానియపు మిశ్రలోహముతోఁ జేయఁబడినది. తూనిక సుమారు 500 గ్రాములు. వ్యర్థమైన యంగ మొక్కటియు లేని యీ పొందికను మంచి సూత్రరచనతోఁ బోల్చిన దోషము లేదు. పనితనము నెఱిఁగి మెచ్చుకొనుట రసికధర్మమే.

ఇఁక దోషము. కత్తి నడుమున వ్రేలాడి తన్నుఁ దాను చాటుకొనును. చిఱుతుపాకి జేబులో దాఁగును. దాఁగిన దానిఁ జాటుటకు మాట కావలెను. మాటతోడనే బడాయి పుట్టును. "మా తాతగారి తుపాకి" యనునప్పుడు వక్త మెచ్చుకొనునది పనితనమునా, తన యింటి పెత్తనమునా?

ఈ ప్రశ్నకుఁ గరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారు చక్కఁగా నెఱిఁగిన పిట్టలదొర యుత్తర మిచ్చుచున్నాఁడు. తుపాకిరాముఁడనియు, లత్కోరుసాబనియు నతనికి నామాంతరములు. ఖాకీకోటు, నెత్తిని టోపి, భుజమునఁ గట్టెతుపాకి. తెలుఁగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి తన కలిమిని, వేఁటను, అధికారమును గోఁతలుగాఁ గోయును. దొరల పెత్తనము ప్రబలిన సీమలో 'దొర' యను బిరుదమును ధరించి, ప్రేలని తుపాకితో దొరతనమును నవ్వులపాలు చేయుట సామాన్యమా? దాఁచిన యాయుధము భయమును బుట్టించును. చూపిన కట్టెతుపాకి యా భయమును బోఁగొట్టును.

ఇది విదూషకపు మాటలే కాని సాహిత్యము గాదని కొందఱు పండితులు తలఁపవచ్చును. అతిశయోక్తిని హాస్యమునకు వినియోగించుటయు, వేషమునకు వాక్యమునకుఁ గల వైరుధ్యముచే నర్థమును సాధించుటయు నలంకారశాస్త్రమునకు వెలియైనవా? కావు. వ్రాఁతలో లేకుండుటయే యతని లోపముగాఁ బరిగణింపఁబడుచున్నది. ఆ లోపము మనది, అతనిది గాదు.

శాసనమును నీ వివేకమునే చెప్పుచున్నది. 1959 నాఁటి ఆయుధచట్టముచొప్పునఁ దుపాకి వారసత్వముగా రావచ్చును గాని, యనుమతి లేనిదే దానిఁ గలిగియుండు హక్కు రాదు. 2019 నాఁటి సవరణ యొక్కొక్కరికిఁ దుపాకుల పరిమితిని మూఁటినుండి రెంటికిఁ దగ్గించినది. వారసత్వపుఁ దుపాకులును నా లెక్కలోనివే. అనఁగా వస్తువు తాతది, బాధ్యత మనుమనిది.

కావున నింటఁ జిఱుతుపాకి గలవారు దాని పనితనమును, చరిత్రమును వ్రాసి యుంచుదురు గాక. గర్వమును మాత్రము కట్టెతుపాకివానికి వదలుదురు గాక. పాఠశాలల పండితులు తమ యూరికిఁ బిట్టలదొర వచ్చినప్పుడు నవ్వి యూరకుండక, యతని మాటలను యథాతథముగా లిఖించి భద్రపఱచిన, నదియు మన వంశధనమే యగును.