ఏ మట్టి నీళ్లు, ఏ వడపోత?

అక్కినేని నాగేశ్వరరావు 1970ల నడుమ బంజారా హిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టించేనాటికి ఆ చుట్టుపక్కల కనిపించేవి బండలు, ముళ్లపొదలే. ఇవాళ అదే గుట్ట మీదా, ఆనుకుని ఉన్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వీధుల్లోనూ ప్రహరీ దాటి వేలాడే కాగితంపూల తీగలు, పచ్చిక, మిద్దె తోటలు. ఇంత పచ్చదనానికి మన్ను ఎక్కడిదంటే, చాలావరకు లారీలెక్కి వచ్చిందే. ఎర్రమట్టి ఒక ఊరిది, రేగడి ఇంకో ఊరిది, పశువుల ఎరువు మరో ఊరిది. ఎరువు బాగా వేసిన కుండీకి నీళ్లు పోస్తే కాసేపటికి కింద పళ్లెంలోకి దిగేవి పలచటి టీ డికాషన్ రంగులో ఉంటాయి. తోటమాలి వాటిని పారబోస్తాడు. నేల శాస్త్రం చదివినవాళ్లు మాత్రం సీసా కోసం వెతుకుతారు.

ఆ రంగులో పెద్ద వాటా నీళ్లలో కరిగిన సేంద్రియ కర్బనానిది. చివికిన ఆకుదీ, వేరు కార్చిన రసానిదీ, చచ్చిన సూక్ష్మజీవిదీ. నేలలోని మొత్తం కర్బనంలో ఇది మహా అయితే నూటికి ఒకటి రెండు వంతులు. అయినా కదిలేది ఇదే. సూక్ష్మజీవులకు ముందుగా అందే తిండీ ఇదే, లోహాలనూ కొన్ని పురుగుమందులనూ తనతో పాటు లోతుకు లాక్కుపోయేదీ ఇదే. మంచినీటి చెరువుకు చేరిందా, శుద్ధి కేంద్రంలో క్లోరిన్‌తో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే హానికర రసాయనాలు పుట్టిస్తుంది. ఆ సంగతి 1974లో నెదర్లాండ్స్ రసాయన శాస్త్రవేత్త రూక్ బయటపెట్టాడు.

కరిగిందంటే ఎంత కరిగినట్టు? 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న వడపోత పొరలోంచి దిగిపోతే కరిగినట్టు లెక్క. మిల్లీమీటరులో రెండు వేలో వంతు కన్నా సన్నటి రంధ్రం అది. ఈ గీత మనుషులు ఒప్పందంగా గీసుకున్నది. కొన్ని ల్యాబులు 0.7 మైక్రాన్ల గాజుపీచు పొర వాడతాయి, అంకె మారుతుంది. కొత్త పొరను ముందు శుద్ధజలంతో కడక్కపోతే ఆ పొరలోని కర్బనం కూడా మట్టి ఖాతాలో పడుతుంది. పని చిన్నదే, ఎగ్గొట్టేవాళ్లు తక్కువేం కాదు.

నేలనుబట్టి ఈ కొలత ఎలా మారుతుందో చూడాలంటే జూబ్లీహిల్స్ నుంచి పటాన్‌చెరు దాకా వెళ్తే చాలు. 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఒకే కంచె లోపల ఎర్రనేలా, నల్లరేగడీ ఉన్నాయి. వాన ఒకటే, ఎండ ఒకటే. నేలలోంచి నీటిని రాబట్టడానికి ఇలాంటి చోట్ల పింగాణీ మూతి ఉన్న గొట్టాన్ని పాతి, పంపుతో గాలి లాగేస్తారు. చుట్టూ ఉన్న తేమ పింగాణీలోంచి చుక్కచుక్కగా లోపలికి దిగుతుంది. కొత్త పింగాణీ కొంత కర్బనాన్ని తనే పట్టేసుకుంటుంది కాబట్టి మొదట వచ్చిన నీళ్లు పారబోయాల్సిందే. నేలకు పదును లేకపోతే ఎంత లాగినా చుక్క రాదు. తెలంగాణ ఎండాకాలంలో ఆ గొట్టం ఉన్నా లేనట్టే.

చల్క అని పిలిచే ఎర్రనేలల ఎరుపుకు కారణం ఇనుప ఆక్సైడ్లు. అవే కరిగిన కర్బనాన్ని ఒడిసిపట్టుకుంటాయి. పైన ఆకుల పొర కింద లీటరుకు పదుల మిల్లీగ్రాములుండే నీళ్లు లోతుకు దిగేసరికి కొద్ది మిల్లీగ్రాములకు పడిపోవచ్చు. రేగడి సంగతి వేరు. నెర్రెలు విచ్చిన నేల మీద గట్టి వాన పడితే నీళ్లు మట్టిని తాకీ తాకకుండా పగుళ్లలోంచి నేరుగా కిందికి దూకుతాయి. అడుగున పట్టిన నీళ్లు పైపొర కర్బనాన్నే మోసుకొస్తాయి.

రేగడిలో ఇంకో చిక్కు సున్నపు గడ్డలు. ఆ నీళ్లలో బైకార్బొనేట్ దండిగా ఉంటుంది, అదీ కర్బనమే, కానీ సేంద్రియం కాదు. ఒక సీసాలో మొత్తం కర్బనం లీటరుకు 65 మిల్లీగ్రాములు, అందులో సున్నపుది 60 అనుకుందాం. తీసేస్తే 5. రెండు కొలతల్లోనూ నూటికి రెండు వంతుల తేడా పడినా ఆ 5 కాస్తా 3 లోపూ కావచ్చు, 7 పైనా కావచ్చు. అందుకే ముందుగా ఆమ్లం చుక్కలు వేసి, గాలి బుడగలు పోనిచ్చి, సున్నపు కర్బనాన్ని తరిమేస్తారు. మిగిలినదాన్ని 680 డిగ్రీల కొలిమిలో కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను పరారుణ కిరణంతో కొలుస్తారు. ఎర్రనేల నీళ్లకు తీసివేత లెక్క సరిపోతుందేమో, రేగడి దగ్గర అది పేకముక్కల ఆటే.

అన్నిటికన్నా పెద్ద మోసం ఎండబెట్టడంలో ఉంది. ఎండిన నేల తడిస్తే కర్బనం ఒక్కసారిగా విడుదలవుతుంది. కెన్యాలో పనిచేసిన బర్చ్ 1958లో దీన్ని వివరించాడు, అందుకే దానికి ఆయన పేరు. మన తొలకరిలో జరిగేది అదే. మట్టి పరీక్షకు నీడన ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టడం మన దగ్గర పాత అలవాటు. ఆ మట్టిని నీళ్లలో కలిపి కరిగిన కర్బనం కొలిస్తే ల్యాబులోనే ఒక తొలకరి కురిపించినట్టు, అంకె ఉబ్బుతుంది.

2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో ఉండే సేంద్రియ కర్బనం అంకె వేరు. దానికి ఎక్కువగా 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతే ఆధారం. అర శాతం లోపు తక్కువ, ముప్పావు దాటితే ఎక్కువ. నేలలో నిలవున్న కర్బనాన్ని అది చెబుతుంది, కదిలేదాన్ని చెప్పదు. కార్డులో రెండోది కూడా చేర్చాలనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఈ కాలమ్‌కు ఆ మాట నచ్చదు. ఇవాళ వాన పడితే రేపటికి మారిపోయే అంకెను రైతు చేతిలో పెట్టి ఏం చేసుకోమంటారు? పరిశోధనకు అది కావాలి. ఇక్రిశాట్ రేగడిలో 1976 నుంచి సాగుతున్న ప్రయోగంలో, మెరుగైన సాగు పాత సాగు కన్నా ఏటా హెక్టారుకు 300 కిలోలకు పైగా కర్బనాన్ని అదనంగా నేలలో నిలిపిందని తేలింది. అలా నిలిచినదాంట్లోంచి నీళ్లతో జారిపోయేదెంతో కూడా తెలిస్తేనే ఖాతా పూర్తవుతుంది.

జూబ్లీహిల్స్ చుట్టుపక్కల తన కొండరాయి మీదే ఉన్న అసలు మట్టిని చూడాలంటే 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కుకు వెళ్లాలి. అయితే అటవీశాఖ అనుమతి లేనిదే అక్కడ పిడికెడు మన్ను కూడా తీయకూడదు. పెరట్లోని మట్టిని పరీక్షకు ఇచ్చేవాళ్లయినా, ప్రాజెక్టు రాసే విద్యార్థులైనా, ఫలితం పక్కనే లోతెంతో, వాన పడి ఎన్నాళ్లయిందో, ఏ పొరతో వడగట్టారో, మట్టి ఆరబెట్టారో లేదో అడిగి రాయించుకోండి. అవి లేని అంకెను ఇంకో నేల అంకెతో పోల్చకండి.